పడమట తోకచుక్క: తిరుపతి నుంచి ఫోటో తీయడం కుదిరే పనేనా?

కపిలతీర్థం_మెట్లు | 13 అక్టోబర్ 2024, రాత్రి 8:40
కొద్ది రోజులుగా పత్రికలన్నింటిలో ఒకటే మాట. త్సుచిన్షాన్–అట్లాస్ తోకచుక్క సాయంత్రం పడమట మామూలు కంటికే కనిపిస్తుందట. నిన్న దసరా హడావిడిలో కుదరలేదు. ఈ రోజు పొద్దు గూకక ముందే మేడ ఎక్కి కూర్చున్నాను. శుక్రుడు కనిపించాడు. తర్వాత ఎదురింటి నీళ్ళ ట్యాంకు, దాని వెనక కొండ, కొండ మీద మబ్బు. అంతే. బెంగళూరులో ఉన్న మా బావమరిది మాత్రం ఈ నెల మొదట్లోనే తెల్లవారుజామున ఫోనుతో తీసి, తోకతో సహా పంపాడు. కింద "మీ ఊళ్ళో రాలేదా బావా?" అని ఒక ఎత్తిపొడుపు.

నా దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18-55 లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఊగే ట్రైపాడ్ ఉన్నాయి. తిరుపతి చుట్టుపక్కల పడమర దిక్కు ఖాళీగా కనిపించే చోటు ఎక్కడ? అసలు ఈ ఊరి వెలుతురులో ఇది అయ్యే పనేనా, లేక బావమరిది ముందు తల దించుకోవాలా?

పుత్తూరు_కట్టు | 8:52
ట్రైపాడ్ కాలు ఊగుతోందా? మా ఊరికి తీసుకురండి. ఆకు పసరు, కోడిగుడ్డు సొన వేసి బద్దలు కట్టి పంపుతాం.

రాత్రిపాళీ | 9:05
పుత్తూరు వైద్యం తర్వాత చూద్దాం. మీ బావమరిది పట్టుకున్నది పొద్దుటి దర్శనం. ఈ తోకచుక్క సెప్టెంబర్ 27న సూర్యుడికి అతి దగ్గరగా వెళ్ళింది. ఆ రోజుల్లోనూ, ఈ నెల తొలి రోజుల్లోనూ తెల్లవారకముందు తూర్పున ఉండేది. తర్వాత సూర్యుడికీ మనకూ మధ్యగా దాటుకుని సాయంత్రం వైపు వచ్చింది. నిన్న, అంటే 12న, భూమికి అతి దగ్గర. దగ్గర అంటే 7 కోట్ల కిలోమీటర్లు!

ఇప్పుడది ఎంత కిందుగా ఉందంటే, దాన్ని మింగేయడానికి మీ ఎదురింటి ట్యాంకు చాలు. రోజురోజుకూ పైకి వస్తుంది. రోజురోజుకూ మసకబారుతుంది కూడా. మన బేరమంతా ఈ రెండింటి మధ్యనే.

పడమటికి తిరిగి నిలబడండి. ఎడమ చేతి వైపు కిందుగా ధగధగలాడేది శుక్రుడు. కుడి చేతి వైపు, వాయవ్యానికి జరిగి కాస్త నారింజ ఛాయలో ఉండేది స్వాతి నక్షత్రం. 14, 15 తేదీల్లో ఈ రెండింటి నడుమ, కొంచెం పైగా వెతకండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. కొలతకు అది చాలు.

చిత్తూరు_మామిడి | 9:20
తిరుపతిలో ఉండి పడమర వెతకడం దండగ. ఉత్తరాన శేషాచలం, పడమర చంద్రగిరి కొండలు. పాకాల దాటి మా వైపు రండి, నేల కాస్త విప్పుకుంటుంది. ఏదైనా చెరువు కట్ట మీద, నీళ్ళు మీకు పడమర ఉండేలా నిలబడండి. నీళ్ళ మీదుగా చెట్లు, స్తంభాలు అడ్డు రావు. అదృష్టం బాగుంటే నీళ్ళలో దాని నీడ కూడా ఫోటోలో పడుతుంది.

అలిపిరి_ఆటో | 9:31
ఇంత దూరం ఎందుకు, తిరుమల మీదికి వెళ్తే సరి. ఎత్తు కదా.

రాత్రిపాళీ | 9:38
ఎత్తు ఉంటే సరిపోదు, చీకటి కూడా ఉండాలి. బ్రహ్మోత్సవాలు నిన్ననే ముగిశాయి, దీపాలంకరణ ఇంకా పూర్తిగా దించి ఉండరు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఆపనివ్వరు. అడవి వైపు వెళ్ళి చీకట్లో నిలబడదామంటే చిరుతలు ఉన్నాయి. వాటికి ఖగోళ శాస్త్రం మీద ఆసక్తి లేదు.

బీరువా_లెన్సు | 10:02
ఒక అనుమానం. 50 ఎంఎంతో ఏమొస్తుంది? చంద్రుడికే 300 కావాలంటారు. తోకచుక్కకు కనీసం టెలిస్కోప్ ఉండాలి కదా?

రాత్రిపాళీ | 10:15
చంద్రుడు అర డిగ్రీ. ఈ తోక ఫోటోలో పది డిగ్రీలకు పైగా సాగుతోంది. క్రాప్ సెన్సర్ మీద 200 ఎంఎం పెడితే పొడవు వైపు కూడా 7 డిగ్రీలు రాదు. తల ఒకటే పడుతుంది, తోక బయట ఉండిపోతుంది. అదే 50 అయితే దాదాపు 27 డిగ్రీలు. తోకతో పాటు కింద చెరువు, తాటిచెట్టు కూడా పడతాయి. కపిలతీర్థం గారి దగ్గర ఉన్న సరుకే ఈ పనికి సరైన సరుకు.

హేల్‌బాప్_97 | 10:40
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 1986లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఊరంతా ఎదురుచూసింది. ఆ విడత భూమి, తోకచుక్క సూర్యుడికి చెరో పక్కన ఉండిపోవడంతో చాలామందికి ఒక మసక మరకే దక్కింది. 1997లో హేల్–బాప్ అలా కాదు. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో చిత్తూరులో మా మిద్దె మీద నుంచి, వీధి దీపాలు వెలుగుతుండగానే కనిపించేది. నా పాత ఫిల్మ్ కెమెరాకు 50 లెన్సే. 400 స్పీడు రీలు, కేబుల్ రిలీజ్, ఒక స్టూలు మీద ఇసుక సంచి. అంతే సామగ్రి.

రీలు కడిగించడానికి స్టూడియోలో ఇచ్చాను. తిరిగి తీసుకుంటే పెళ్ళి ఫోటోలు మాత్రమే ఉన్నాయి. మిగతావి ఏవని అడిగితే, "అవన్నీ నల్లగా పాడైపోయాయి సార్, మీ డబ్బులు ఎందుకు దండగ అని ప్రింటు వేయలేదు" అన్నాడు కుర్రవాడు, ఎంతో మేలు చేసిన ముఖంతో. నెగెటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూపించాను. వేలిగోరంత మరక. దాన్ని గీత అనుకుని గుడ్డతో తుడవబోయాడు! ఆ ప్రింటు ఇప్పటికీ మా హాల్లో ఉంది.

పుత్తూరు_కట్టు | 10:44
పెళ్ళి ఫోటోల కంటే తోకచుక్క ఫోటోకే ఫ్రేము కట్టించారన్నమాట. ఇంట్లో ఏమీ అనలేదా?

హేల్‌బాప్_97 | 10:51
పెళ్ళి నాది కాదు.

గాదంకి_గాలి | 14 అక్టోబర్, ఉదయం 7:10
అందరూ లెన్సుల గురించి మాట్లాడుతున్నారు, ఆకాశం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాలకు భారీ వర్షాల హెచ్చరిక. మూడు నాలుగు రోజులు గొడుగు సర్దుకోండి.

కపిలతీర్థం_మెట్లు | 7:25
14, 15 బాగుంటాయని రాత్రే చెప్పారు కదండీ!

గాదంకి_గాలి | 7:31
రాత్రిపాళీ గారు చెప్పింది తోకచుక్క సంగతి. నేను చెప్పేది మబ్బు సంగతి. రెండు శాఖలకు పొత్తు లేదు.

నగరి_నేత | 15 అక్టోబర్, రాత్రి 7:50
కుండపోత. మా అవ్వ అప్పుడే తేల్చేసింది, తోకచుక్క పుట్టింది కాబట్టే ఈ వాన అని. పాలించేవాళ్ళకు అరిష్టమట కూడా.

చిత్తూరు_మామిడి | 8:04
అవ్వగారికి చెప్పండి, అక్టోబర్‌లో వాయుగుండం మనకు ఏటా వచ్చేదే, తోకచుక్క ఉన్నా లేకున్నా. ఇక పాలించేవాళ్ళ అరిష్టానికి మొన్న జూన్‌లోనే ముహూర్తం అయిపోయింది, తోకచుక్క ఆలస్యంగా వచ్చింది.

నిర్వాహకుడు | 8:10
రాజకీయాలు వద్దు. ఇక్కడితో ఆపండి.

నగరి_నేత | 8:15
సరే. ఇంకో సంగతి, 80 వేల ఏళ్ళకు ఒకసారి వస్తుందని అన్ని చానళ్ళూ చెబుతున్నాయి. నిజమేనా?

రాత్రిపాళీ | 8:33
ఆ లెక్కను గట్టిగా పట్టుకోకండి. ఇది ఊర్ట్ మేఘం, అంటే సౌర కుటుంబం అంచున ఉండే మంచు ముద్దల గుంపు, నుంచి వచ్చింది. ఇలాంటి వాటి కక్ష్య దాదాపు పరావలయం, అంటే తిరిగి మూసుకోని వంపు. చిన్న తేడా వచ్చినా తిరుగు ప్రయాణం లెక్క వేల ఏళ్ళు అటూ ఇటూ మారిపోతుంది. అసలు తిరిగి రాకుండా సౌర కుటుంబం దాటిపోవచ్చు కూడా. కనుగొన్నది మాత్రం 2023లో. జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దూరదర్శిని. అందుకే రెండు పేర్లు.

హేల్‌బాప్_97 | 8:50
పేర్లంటే గుర్తొచ్చింది. 1949లో మన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు హార్వర్డ్‌లో చదువుకుంటూ, తీసిన ఫోటో పలకలో ఒక తోకచుక్కను పట్టాడు. బప్పు–బోక్–న్యూకిర్క్ అని పేరు. వాళ్ళ నాన్నగారు హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. ఆ తర్వాత బప్పు కట్టించిన కావలూరు వేధశాల మన చిత్తూరు నుంచి వేలూరు, ఆలంగాయం మీదుగా వెళ్తే జవ్వాది కొండల్లో ఉంది. అక్కడి 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు.

వాట్సాప్_వరద | 17 అక్టోబర్, రాత్రి 9:15
మీరంతా మబ్బులని కూర్చున్నారు, ఇక్కడ చూడండి! ఈ రోజు తిరుమలలో తీసిన ఫోటో. మహాద్వార గోపురం, దాని పక్కన తోకచుక్క, పైన నెలవంక. గోవిందా గోవింద!

అలిపిరి_ఆటో | 9:18
అద్భుతం. మా గ్రూపుల్లో పెట్టేశాను.

బీరువా_లెన్సు | 9:30
ఇది కల్పితం. తోకచుక్క పడమట ఉంది, గోపురం తూర్పున ఉంది. దిక్కే తప్పు.

రాత్రిపాళీ | 9:47
కల్పితమే, కానీ మీరు చెప్పిన కారణం నిలవదు. ఆలయం తూర్పు ముఖం. ఎదురుగా నిలబడి గోపురాన్ని చూస్తే మనం పడమటికే చూస్తున్నట్టు. దిక్కు సరిగ్గానే ఉంది. దొరికిపోయింది నెలవంక దగ్గర. ఈ రోజు పౌర్ణమి! సాయంత్రం చంద్రుడు తూర్పున నిండుగా ఉదయిస్తాడు, పడమట వంక ఎక్కడిది? తోకచుక్క సాయంత్రానికి వచ్చినప్పటి నుంచి చంద్రుడు సగం కంటే పెద్దగానే ఉన్నాడు. కాబట్టి ఏ తేదీ చెప్పినా ఈ ఫోటో అబద్ధమే.

ఇంకొకటి. ఆ దీపాల్లో గోపురానికి సెకనులో ఏ 60వ వంతో చాలు. తోకచుక్కకు సెకన్లు కావాలి. అంతసేపు తెరిస్తే గోపురం తెల్లగా మాడిపోతుంది. ఇక్కడ రెండూ ముచ్చటగా వచ్చాయి.

గాదంకి_గాలి | 9:55
పైగా ఈ రోజు తిరుమల మీద ఆకాశం ఎవరికి కనిపించిందో నాకూ చెప్పండి.

వాట్సాప్_వరద | 10:03
భక్తితో పెట్టిన దానికి ఇంత శల్యపరీక్షా!

పాకాల_జంక్షన్ | 18 అక్టోబర్, రాత్రి 7:20
మబ్బు విడిపోయింది!! కనిపించింది. ఫోనుతో తీశాను. మొదట ఎర్రగా, పొడవుగా ఉన్న గీతను చూసి అదే అనుకుని మా వీధి మొత్తాన్ని పిలిచాను. అది మెల్లగా సాగుతూ వెళ్ళిపోయింది. విమానం పొగ అట. అసలైనది దాని పైన, కదలకుండా ఉంది. మా పక్కింటి పిల్లవాడు చాలాసేపు చూసి "ఇది పరుగెత్తదా?" అని అడిగి, నిరాశపడి ఇంటికి వెళ్ళిపోయాడు.

కపిలతీర్థం_మెట్లు | 7:26
ఫోనుతోనా? ఏ సెట్టింగు? చెప్పండి త్వరగా!

పాకాల_జంక్షన్ | 7:34
నైట్ మోడ్. ఫోనును గోడ మీద ఇటుకకు ఆనించి, టైమరు పెట్టి వదిలేశాను. చేత్తో పట్టుకుంటే రాలేదు. శుక్రుడి మీద తాకి ఫోకస్‌ను అక్కడే బిగించాను. ఫోటోలో పసుపు కలిసిన తెల్ల తోక. కంటికి మాత్రం బూడిద రంగు పొగ. ఫోటో అబద్ధం చెబుతోందా?

రాత్రిపాళీ | 7:49
లేదు. మసక వెలుతురులో మన కంటికి రంగు పట్టే కణాలు పనిచేయవు, నలుపు తెలుపు చూసేవే పనిచేస్తాయి. కెమెరా మాత్రం సెకన్ల పాటు వెలుతురు పోగేసుకుంటుంది. ఈ తోకచుక్కలో దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ము మీద పడిన ఎండే మనకు పసుపు తెలుపుగా కనిపించేది. తల దగ్గర ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అది కార్బన్ జంట అణువులది. తోక వెనక్కి ఊగుతున్నట్టున్నా, అది సాగేది ప్రయాణానికి వెనక వైపు కాదు, సూర్యుడికి ఎదురు దిక్కుకు. 14వ తేదీ ప్రాంతంలో భూమి దాని కక్ష్యా తలాన్ని, అంటే అది తిరిగే దారి పరుచుకున్న తలాన్ని, దాటింది. అప్పుడు సూర్యుడి వైపు కూడా సన్నటి గీత, ఎదురు తోక, కనిపించింది. మనం వానలో ఉన్నాం.

చిత్తూరు_మామిడి | 8:05
చంద్రుడు మరీ వెలుగుతున్నాడు. పౌర్ణమి దాటింది కదా, ఇంకా ఎన్నాళ్ళు ఈ బాధ?

రాత్రిపాళీ | 8:21
రెండు రోజులు ఓపిక పట్టండి. చంద్రోదయం రోజూ దాదాపు గంట ఆలస్యమవుతుంది. 20న ఎనిమిది దాటాకే వస్తాడు. మనకు ఏడు దాటిన కొద్దిసేపటికే పూర్తి చీకటి. ఆ మధ్య గంటకు పైగా చంద్రుడు లేని ఆకాశం దొరుకుతుంది, తోకచుక్క కూడా అప్పటికి బాగా పైకి వచ్చి ఉంటుంది. వెలుగు తగ్గినా, 13వ తేదీ కంటే ఆ గంటే మేలు. మబ్బు లేకపోతే ఆ ఆదివారం సాయంత్రాన్ని వదులుకోకండి.

కెమెరా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. భూమి తిరగడం వల్ల ఎక్కువసేపు తెరిస్తే నక్షత్రాలు గీతలవుతాయి. 500ను లెన్సు పొడవుతో, క్రాప్ అంకెతో భాగించండి. 50 లెన్సు, 1.5 క్రాప్ అయితే ఆరున్నర సెకన్లు. నేనైతే 5 దాటను. లెన్సు ద్వారం ఎఫ్ 2.2 లేదా 2.8, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురు పట్టే అంకె) 1600 లేదా 3200, కుదించని రా ఫైలు. ఇంకా మునిమాపు వెలుగు ఉంటే ఐఎస్ఓ తగ్గించి 1 లేదా 2 సెకన్లతో మొదలుపెట్టండి. లెన్సు మీద అనంతం గుర్తును నమ్మకండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, శుక్రుణ్ణి పది రెట్లు పెద్దది చేసి, చుక్క అతి చిన్నదయ్యే వరకు రింగు తిప్పి, అక్కడ టేపు ముక్క అంటించండి. ఆటో ఫోకస్, వణుకు తగ్గించే మీట, రెండూ ఆపేయండి. 2 సెకన్ల టైమరు. ట్రైపాడ్ నడిమి కడ్డీని పైకి లేపకండి, దానికి మీ కెమెరా సంచి వేలాడదీయండి.

హార్స్‌లీ_చలి | 8:40
సంచి వేలాడదీయడం గాలి లేనిచోట సరే. మా గాలిబండ మీద వేలాడదీస్తే ఆ సంచే ఊగి ట్రైపాడ్‌ను ఊపుతుంది. కిందికి దించి కాళ్ళ మధ్య నేలకు తగిలేలా ఉంచాలి. ఇక్కడ ఎత్తు 1,265 మీటర్లు, పడమర బాగానే తెరుచుకుంటుంది. కానీ మంచు ముసిరితే మీ గంట కూడా చేతికి రాదు. లెన్సు మీద చెమ్మ పడుతుంది, మధ్యమధ్యలో టార్చి వేసి చూసుకోండి. నోటితో ఊది తుడవకండి.

బీరువా_లెన్సు | 8:52
పలమనేరు వైపు వెళ్తే ఇంకా చీకటిగా ఉంటుందని విన్నాను.

చిత్తూరు_మామిడి | 8:58
చీకటి ఉంటుంది. ఆ చీకట్లో ఏనుగులూ ఉంటాయి. కౌండిన్య అడవి పక్కన ట్రైపాడ్ పెట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడే ధైర్యం నాకు లేదు. ఊరికి దగ్గరగా ఉన్న చెరువు కట్టే నా గుడి.

కపిలతీర్థం_మెట్లు | 20 అక్టోబర్, రాత్రి 9:40
వచ్చింది! చిత్తూరు_మామిడి గారు చెప్పినట్టే పాకాల దాటి ఒక చెరువు కట్ట ఎక్కాం, నేనూ, మా తమ్ముడూ. వానలకు చెరువు నిండుగా ఉంది. శుక్రుడి నీడ నీళ్ళలో పడింది. తోకచుక్క నీడ కోసం చూశాం, అంత వెలుగు దానికి లేదు. కంటికి పక్క చూపుతో మాత్రమే తెలిసింది. 5 సెకన్ల ఫోటోలో తోక ఫ్రేములో మూడో వంతు ఉంది.

ఇంతలో వెనక ఎవరో టార్చి వేశారు. తిరిగి చూస్తే ఊరివాళ్ళు నలుగురు. ట్రైపాడ్ చూసి రీసర్వే వాళ్ళు అనుకున్నారు. ఒక పెద్దాయన పాసుపుస్తకం కూడా తెచ్చాడు. తన పొలం హద్దు పోయినసారి తప్పు రాశారని, రాత్రిపూట వచ్చి కొలవడం ఏమి న్యాయమని నిలదీశాడు. కెమెరా వెనక తెర చూపించాను. కాసేపు చూసి, "ఇది మా పొలం మీద ఉందా, పక్కోడి పొలం మీద ఉందా?" అన్నాడు. నవ్వుతున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో చీకట్లో తెలియలేదు.

పుత్తూరు_కట్టు | 9:46
సర్వే నంబరు రాసిచ్చి రావలసింది.

హేల్‌బాప్_97 | 9:58
ఆయన్ను కూడా చూడనిచ్చారు కదా?

కపిలతీర్థం_మెట్లు | 10:05
బైనాక్యులర్స్ ఇచ్చాను. మా కంటే ముందే పట్టుకున్నాడు. "అదిగో, చీపురు" అన్నాడు. ఆ తర్వాత మాకు టీ కూడా తెప్పించారు. ఇప్పుడు నా దగ్గర ఒకే రకం ఫోటోలు కుప్పగా ఉన్నాయి. వీటిని కలిపితే ఇంకా బాగుంటుందంటారు, ఎలా? ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నక్షత్రాలు చక్కగా వచ్చాయి, తోకచుక్క తల మాత్రం సాగిపోయింది.

రాత్రిపాళీ | 10:27
అది నక్షత్రాల మధ్య జరుగుతూనే ఉంటుంది కదా. పది నిమిషాలకు మించి తీసిన ఫోటోలు కలిపితే ఆ జరుగుడు బయటపడుతుంది. ఫోటోలు కలిపే డీప్‌స్కైస్టాకర్ సాఫ్ట్‌వేర్‌లో తోకచుక్కల కోసం వేరే పద్ధతి ఉంది. ప్రతి ఫోటోలోనూ తల నడిబొడ్డును మీరే గుర్తుపెట్టాలి. తర్వాత తోకచుక్కను నిలిపి కలపమనవచ్చు, నక్షత్రాలను నిలిపి కలపమనవచ్చు, రెండూ నిలపమని కూడా అడగవచ్చు. మొదట ఒక పది ఫోటోలతో చేసి చూడండి. చెరువు గట్టు ఉన్న ఫోటో ఒకటి విడిగా ఉంచుకోండి, కలిపితే నేల అలికినట్టు వస్తుంది. లెన్సు మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో కొన్ని నల్ల ఫోటోలు తీశారా? అవి కూడా వేస్తే చుక్కచుక్కల గరుకు తగ్గుతుంది.

కపిలతీర్థం_మెట్లు | 10:33
తీయలేదు. ఇప్పుడు ఇంట్లో తీస్తే పనికొస్తాయా?

రాత్రిపాళీ | 10:38
కెమెరా అక్కడున్నంత చల్లగా ఉండాలి. మేడ మీద ఓ అరగంట ఉంచి తీయండి, చాలావరకు సరిపోతాయి.

బీరువా_లెన్సు | 21 అక్టోబర్, ఉదయం 6:55
ఈ వారం ఇంకా దొరుకుతుందా? నాకు శనివారం తప్ప సెలవు లేదు.

రాత్రిపాళీ | 7:12
దొరుకుతుంది, కానీ కంటితో వెతికితే కష్టం. బైనాక్యులర్స్‌తో ముందు చోటు పట్టుకుని, తర్వాత కెమెరా తిప్పండి. సర్పధారి మండలంలో ఉంటుంది, ఆకాశ పటం చూపే స్టెల్లేరియంలో దీని జాబితా పేరు, సి/2023 ఏ3, అని కొట్టండి. చంద్రుడు అప్పటికి అర్ధరాత్రి దాటాక వస్తాడు కాబట్టి తొందర లేదు.

గాదంకి_గాలి | 7:20
బంగాళాఖాతంలో ఇంకొకటి తయారవుతోంది. ఒడిశా వైపు వెళ్తుందంటున్నారు. శుక్రవారం నన్ను అడిగి బయలుదేరండి.